సర్టిఫికెట్ మీద నా పేరే ఉంది

ప్రకాశం జిల్లా నుంచి వచ్చిన ఉత్తరం ఇది. పేరూ ఊరూ వేయొద్దన్నారు. ఎనిమిది పేజీలు ఉంది కాబట్టి కుదించి చెబుతున్నాను.

రాసినామె గ్రామ సచివాలయంలో ఏఎన్ఎం. భర్తకు నలభై ఏళ్లు, ఎరువుల కొట్టు నడుపుతారు. పదేళ్ల పాప, ఐదున్నరేళ్ల బాబు. అత్తగారు వీళ్ల దగ్గరే ఉంటారు. మామగారు నలభై తొమ్మిదో ఏట పొలంలో కూలబడి అక్కడికక్కడే పోయారు, ఈమె కాపురానికి రాకముందే. 2021 మే నెలలో మరిదికి కరోనా వచ్చింది. తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు, అందులో నాలుగు రోజులు ఆక్సిజన్ మీద. కోలుకున్నాక మూడు నెలలు ఆగాలన్న నిబంధన ప్రకారం ఆగి, సెప్టెంబరులో కోవిషీల్డ్ మొదటి డోసు, డిసెంబరులో రెండోది వేయించుకున్నాడు. రెండూ ఊరి బడిలో పెట్టిన క్యాంపులో ఈమే వేశారు. "సూదంటే వాడికి చిన్నప్పటి నుంచీ భయం. నువ్వేస్తేనే వేయించుకుంటా వదినా అన్నాడు" అని రాశారు.

2023 కనుమ నాడు ఆ అబ్బాయి వాలీబాల్ ఆడుతూ పడిపోయాడు. ముప్పై మూడేళ్లు. ఆస్పత్రికి చేర్చేసరికే ప్రాణం లేదు. పోస్టుమార్టం చేయించలేదు. ముందు రోజు రాత్రి స్నేహితులతో బాగా తాగాడని తర్వాత తెలిసింది.

ఏడాదికి పైగా అత్తగారు ఎవరినీ ఏమీ అనలేదు. 2024లో ఒకరోజు టీవీలో "కోవిషీల్డ్‌తో రక్తం గడ్డలు, ఒప్పుకున్న కంపెనీ" అని వార్త వచ్చింది. ఆ రాత్రి ఆమె ట్రంకుపెట్టె తెరిచి, కొడుకు ఆస్పత్రి ఫైలుతో పాటు దాచిన టీకా సర్టిఫికెట్ బయటికి తీశారు. అందులో టీకా వేసినవారి పేరు ఉంటుంది. ఇంగ్లీషులో. అత్తగారికి ఇంగ్లీషు రాదు కానీ ఆ ఒక్క లైను ఎక్కడుందో తెలుసు. ఇంటికి ఎవరొచ్చినా అక్కడ వేలు పెట్టి చూపిస్తారు.

డల్లాస్‌లో ఉన్న ఆడపడుచు భర్త ఫ్యామిలీ గ్రూపులో గుండె వాపు వీడియోలు పెడుతుంటారు. ఖమ్మం వైపు ఉన్న పిన్నత్తగారు "అప్పట్లో హాస్టల్ ఆడపిల్లలకి సూదులేసి చంపలేదూ" అంటారు. భర్త ఎవరి పక్షమూ మాట్లాడరు కానీ, బాబుకి ఐదేళ్లప్పుడు వేయాల్సిన డీపీటీ బూస్టర్ వద్దన్నారు. "పదేళ్లు పట్టే టీకా పది నెలల్లో ఎట్లా వచ్చింది? వైరస్ రోజుకో వేషం మారుస్తుంటే పాత టీకా ఏం పనిచేస్తుంది? వేసుకున్న మనిద్దరికే 2022 జనవరిలో వచ్చిందిగా?" ఈ మూడు ప్రశ్నలకీ ఈమె దగ్గర జవాబు లేదు. "మాకు ట్రైనింగులో సూది ఎలా వేయాలో నేర్పారు, అది ఎందుకు పనిచేస్తుందో చెప్పలేదు" అంటున్నారు.

చివరి పేజీలో అడిగింది ఇది: "నేనే చంపానా? బుధవారం వస్తే పిల్లలకి సూది వేస్తుంటే చెయ్యి వణుకుతోంది. బాబుకి నేనే చాటుగా వేసేస్తే తప్పా?"

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి మీ బాధ కనిపించింది. రెండోసారి, మీరే రాసి మీరే గమనించని సంగతి ఒకటి కనిపించింది. దాని దగ్గరికి తర్వాత వస్తాను. నేను డాక్టర్ని కాను, ఆ సంగతి ముందే చెబుతున్నాను. కానీ మీ మొదటి ప్రశ్నకి జవాబు చెప్పడానికి తేదీలు చాలు.

లేదు, మీరు చంపలేదు.

టీవీలో చూపించింది అబద్ధం కాదు. కోవిషీల్డ్ తరహా టీకా వేసుకున్న కొద్దిమందిలో రక్తం గడ్డకట్టడం, దాంతోపాటు ప్లేట్‌లెట్లు పడిపోవడం జరిగింది. కొందరు చనిపోయారు కూడా. అది కొత్త వార్త కూడా కాదు. ఐరోపా మందుల నియంత్రణ సంస్థ 2021 ఏప్రిల్‌లోనే టీకాకూ దానికీ సంబంధం ఉందని చెప్పింది. కొన్ని దేశాలు చిన్న వయసువాళ్లకి ఈ టీకా బదులు వేరేది ఇచ్చాయి. 2024లో బయటికొచ్చింది బ్రిటన్ కోర్టులో కంపెనీ దాఖలు చేసిన కాగితం, మూడేళ్ల కిందటి సంగతే అందులో ఉంది. మన టీవీలకి అది ఆ రోజు తెలిసింది, అంతే. ఆ గడ్డల సమస్య టీకా వేసుకున్న కొద్ది రోజుల నుంచి నెల, నెలన్నర లోపు బయటపడుతుంది. ఎక్కువగా మొదటి డోసు తర్వాతే. మీ మరిది రెండో డోసుకీ ఆ కనుమకీ మధ్య పదమూడు నెలలు ఉన్నాయి. మధ్యలో ఒక సంక్రాంతి బాగానే గడిచింది.

ఇలా పడిపోయిన కుర్రాళ్లు దేశమంతా ఉన్నారు కాబట్టి భారత వైద్య పరిశోధన మండలి దీని మీదే ఒక అధ్యయనం చేసింది. 47 ఆస్పత్రులు, 18 నుంచి 45 ఏళ్ల మధ్యవాళ్లు. 2021 అక్టోబరు నుంచి 2023 మార్చి దాకా హఠాత్తుగా చనిపోయిన 729 మందిని, వాళ్ల వయసూ చుట్టుపక్కల ప్రాంతమూ కలిసే 2,916 మంది బతికున్నవాళ్లతో పోల్చి చూశారు. మీ మరిది వయసూ, పోయిన తేదీ కూడా సరిగ్గా ఆ పరిధిలోకే వస్తాయి. టీకా వల్ల ముప్పు పెరగలేదని, రెండు డోసులు వేసుకున్నవాళ్లలో ఇంకా తగ్గిందని తేలింది. 2023 నవంబరులో ప్రచురించారు.

లెక్కలు గుంపు గురించి చెబుతాయి. ఫలానా మనిషి గుండె ఫలానా నిమిషంలో ఎందుకు ఆగిందో పోస్టుమార్టం లేకుండా ఎవరూ నూటికి నూరు పాళ్లు చెప్పలేరు, ఇప్పుడు తెలుసుకునే దారి కూడా లేదు. ఆ ఖాళీ మీతో ఉండిపోతుంది. దాన్ని నేను పూడ్చలేను. కానీ ఆ ఖాళీలో అత్తగారు పెట్టిన జవాబుకి ఆధారం లేదు, అంత మాత్రం గట్టిగా చెప్పగలను.

ఇంకో మాట. 2023 నాటికి మన దగ్గర పెద్దవాళ్లలో దాదాపు అందరూ టీకా వేసుకున్నవాళ్లే. దేశం మొత్తం మీద 220 కోట్ల డోసులు పడ్డాయి. అందుకే ఎవరు పోయినా "టీకా వేసుకున్నాడండీ, పోయాడండీ" అనడానికి వీలవుతుంది. ఆ లెక్కన పోయినవాళ్లందరి దగ్గరా ఆధార్ కార్డు కూడా ఉంది.

డల్లాస్ వీడియోల సంగతి కొంచెం వేరు. ఆయన పెట్టేవాటిలో కొన్ని నిజమే. అమెరికాలో ఎక్కువగా వేసింది ఫైజర్, మోడెర్నాల ఎంఆర్‌ఎన్‌ఏ టీకాలు, అంటే వైరస్ ప్రొటీన్‌ని ఎలా తయారుచేయాలో మన కణాలకి చెప్పే సందేశాన్ని ఒంట్లోకి పంపే రకం. వాటి తర్వాత కొద్దిమంది కుర్రాళ్లకి గుండె కండరం వాచింది, ఎక్కువగా రెండో డోసు పడ్డ వారంలోపు. చాలామంది కోలుకున్నారు. 2021 జూన్‌లోనే అక్కడి ప్రభుత్వ సంస్థ ఆ హెచ్చరికను టీకా వివరాల్లో చేర్చింది. అయితే మీరు బడి బెంచీ మీద కూర్చోబెట్టి వేసింది ఆ టీకా కాదు. కోవిషీల్డ్ తయారీ వేరు, అందులో చింపాంజీల జలుబు వైరస్‌ని వాహనంగా వాడారు. మన హైదరాబాద్ కోవాగ్జిన్‌ది ఇంకో పద్ధతి, చంపేసిన కరోనా వైరస్. మిక్సీ వారంటీ కార్డు పట్టుకుని గ్రైండర్ షాపులో గొడవపడితే ఎలా ఉంటుందో, ఆ వీడియోలు చూపించి కోవిషీల్డ్‌ని తిట్టడం అలా ఉంటుంది. ఆయనతో గ్రూపులో వాదించకండి. "అన్నయ్యగారూ, మీరు పంపింది ఏ టీకా గురించి?" అని ఒక్కసారి అడిగి ఊరుకోండి.

ఇక మీవారి మూడు ప్రశ్నలు. ఇవి మూర్ఖపు ప్రశ్నలు కావు. జవాబులు మీకూ ఎవరూ చెప్పలేదు కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తాను.

పది నెలల్లో ఎలా వచ్చింది? అంతకుముందు రికార్డు గవదబిళ్లల టీకాది. మారిస్ హిల్‌మన్ అనే అమెరికా శాస్త్రవేత్త 1963లో తన కూతురికి గవదలు వాస్తే, ఆ పిల్ల గొంతులోంచి తీసిన వైరస్‌తోనే మొదలుపెట్టాడు. 1967లో లైసెన్సు వచ్చింది. నాలుగేళ్లు. కరోనాకి అంత పట్టకపోవడానికి కారణం, ఇది 2020లో సున్నా నుంచి మొదలైన పని కాదు. ఇదే కుటుంబానికి చెందిన సార్స్ 2003లో, మెర్స్ 2012లో వచ్చాయి. వైరస్ ఒంటి మీద ముళ్లలా ఉండే ప్రొటీనే, అది మన కణాల్లోకి దూరడానికి వాడే తాళంచెవి అని అప్పుడే తెలిసిపోయింది. కోవిషీల్డ్‌ని రూపొందించిన ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు అదే చింపాంజీ వైరస్ పద్ధతిలో మెర్స్ టీకా మీద పనిచేస్తూ ఉన్నారు. కాటలిన్ కరికో, డ్రూ వైస్‌మన్ ఎంఆర్‌ఎన్‌ఏని ఒళ్లు తిప్పికొట్టకుండా చేసే కిటుకు బయటపెట్టింది 2005లో. 2023లో నోబెల్ ఇచ్చేదాకా వాళ్ల పేర్లు మనకి తెలీవు. 2020 జనవరి రెండో వారంలో చైనా శాస్త్రవేత్తలు కొత్త వైరస్ జన్యు అక్షరాలన్నీ అందరికీ కనిపించేలా పెట్టారు. అంటే పొయ్యి మీద ఎసరు మరుగుతూనే ఉంది, బియ్యం ఆ రోజు పడ్డాయి.

మామూలుగా టీకాకి ఏళ్లు పట్టేది చాలామటుకు పరీక్షల మధ్య ఎదురుచూపుల వల్లే. డబ్బు కోసం, అనుమతి కోసం, ప్రయోగానికి తగినంత మంది రోగులు దొరకడం కోసం. ఈసారి ప్రభుత్వాలు డబ్బు ముందే పోశాయి. ఫలితం రాకముందే పుణెలో కోవిషీల్డ్ తయారుచేసే సీరం ఇన్‌స్టిట్యూట్ డోసులు తయారుచేసి నిల్వ పెట్టింది. ఫలితం బాగోకపోతే అవన్నీ పారబోయాల్సిందే. రోగం ఊరూరా ఉంది కాబట్టి ఎవరికి సోకింది, ఎవరికి సోకలేదు అన్నది నెలల్లోనే తేలిపోయింది.

అలాగని అంతా సవ్యంగా జరిగిందని అనను. 2021 జనవరి 3న కోవాగ్జిన్‌కి అనుమతి ఇచ్చేనాటికి దాని మూడో దశ ఫలితం రానేలేదు. 25,800 మంది మీద చేసిన ఆ ప్రయోగం తర్వాత బాగానే వచ్చింది, 77.8 శాతం రక్షణ అని తేలింది. కానీ ముందు అనుమతి, తర్వాత లెక్క అంటే ఎవరికైనా అనుమానం వస్తుంది. ఆ అనుమానానికి చోటిచ్చింది జనం కాదు, అనుమతి ఇచ్చినవాళ్లు. ఈ మాట మీవారితో మీరే ముందుగా అంటే, మిగతా మాటలు వింటారు.

వేషాలు మార్చడం గురించి. ఈ వైరస్ ఒంట్లో సుమారు 30 వేల జన్యు అక్షరాలు ఉంటాయి. మీ సచివాలయంలో అంత పొడుగు రిజిస్టరు ఒకటి చేత్తో ఎత్తి రాయమన్నారనుకోండి, ఒకరు రాసింది చూసి ఇంకొకరు, అది చూసి మరొకరు. ఎక్కడో సుబ్బయ్య సుబ్బాయమ్మ అవుతాడు. రోగి ఒంట్లో కోట్ల కాపీలు తయారవుతాయి కాబట్టి తప్పులు పడకుండా ఉండవు. ఆ తప్పుల్లో చాలామటుకు దేనికీ పనికిరావు, కొన్నైతే వైరస్‌నే చెడగొడతాయి. ఎప్పుడో ఒకటి ముళ్ల ఆకారాన్ని కాస్త మార్చి, ఇంకొకరికి తేలిగ్గా అంటుకునేలా చేస్తుంది. అది నిలబడుతుంది. వైరస్‌కి పథకాలూ పన్నాగాలూ ఏమీ లేవు, అంటుకున్నది మిగిలింది, అంటుకోనిది పోయింది. 2021 వేసవిలో మనల్ని ఏడిపించిన డెల్టా అలా 2020 చివర్లో మన దేశంలోనే కనిపించింది. 2021 నవంబరులో దక్షిణాఫ్రికా శాస్త్రవేత్తలు ప్రపంచానికి చెప్పిన ఒమిక్రాన్‌కి ఒక్క ముళ్ల ప్రొటీన్‌లోనే 30కి పైగా మార్పులు ఉన్నాయి.

మీ ఇద్దరికీ 2022 జనవరిలో వచ్చింది దాదాపుగా ఆ ఒమిక్రానే అయ్యుంటుంది. టీకా మన ఒంట్లో రెండు రకాల కాపలా పెడుతుంది. ఒకటి గుమ్మం దగ్గర, పాత ముళ్ల ఫొటో పట్టుకుని నిలబడే యాంటీబాడీలు. ముఖం బాగా మారితే వాళ్లు గుర్తుపట్టలేరు, పైగా నెలలు గడిచేకొద్దీ వాళ్ల సంఖ్య తగ్గుతుంది. రెండోది ఇంటి లోపలి కాపలా, టి కణాలు. అవి ముఖం ఒక్కటే కాదు, వైరస్ ముక్కలు చాలా గుర్తుపెట్టుకుంటాయి. ఎక్కడో కొన్ని మారినా మిగతావి పట్టిస్తాయి. అందుకే దొంగ గుమ్మం దాటాడు కానీ బీరువా దాకా పోలేకపోయాడు. మీకు మూడు రోజులు జ్వరం, గొంతు నొప్పి అని రాశారు. టీకా లేకుండా డెల్టా సోకిన మీ మరిది ఆక్సిజన్ దాకా వెళ్లాడు. వయసు, వైరస్ రకం కూడా తేడా తెస్తాయి కాబట్టి ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి రుజువు అనను. కానీ "వేసుకున్నా వచ్చింది కదా" అన్నప్పుడు "ఎంత వచ్చింది?" అని కూడా అడగాలి. మొదట్లో "ఇది వేసుకుంటే ఇక రాదు" అని మైకుల్లో చెప్పినవాళ్లు మీలాంటి ఏఎన్ఎంల నెత్తిన మోయలేని మాట పెట్టారు.

పుకార్ల విషయంలో మీ అత్తగారిని తిట్టే అర్హత నాకు లేదు. 2021 మేలో "ఏపీ స్ట్రెయిన్ ఎన్440కె, 15 రెట్లు ప్రమాదం" అని మెసేజ్ వస్తే, బెంగళూరులో ఉన్న మా చెల్లెలికి నేనే పంపాను. పంపి, ఆ పిల్లని రెండు వారాలు ఊరికి రానివ్వలేదు. తర్వాత హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు చెప్పారు, ఆ రకం అప్పటికే తగ్గుముఖం పట్టిందని, చెలరేగుతున్నది వేరేదని. ప్రయోగశాలలో గాజు పళ్లెంలో పెరిగిన వైరస్ లెక్క, టీవీకి వచ్చేసరికి మనిషి చావు లెక్క అయిపోయింది. 2025 జనవరిలో హెచ్‌ఎంపీవీని "కొత్త వైరస్" అన్నప్పుడు మాత్రం ఆగాను. అది 2001లోనే నెదర్లాండ్స్‌లో గుర్తించినది. భయంలో ఉన్న మనిషి ముందు ఫార్వర్డ్ చేస్తాడు, తర్వాత చదువుతాడు. నేనూ అంతే.

మీ పిన్నత్తగారి మాట కూడా గాల్లోంచి రాలేదు. 2009, 2010ల్లో ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే టీకా కార్యక్రమం జరిగింది. అందులో కొందరు పిల్లలు చనిపోయారు, 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. విచారణలో ఆ మరణాలకి టీకా కారణమని తేలలేదు. కానీ తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకాలు చాలాచోట్ల హాస్టల్ వార్డెన్లు పెట్టేశారని బయటపడింది. 2013లో పార్లమెంటరీ సంఘం దాన్ని గట్టిగా తప్పుపట్టింది. గిరిజన పిల్లల మీద ఎవరినీ అడక్కుండా చేసిన పని అది. పిన్నత్తగారు కారణం తప్పు చెప్పారు, కోపం మాత్రం సరైనదే. దీన్ని పక్కన పెట్టండి, బాబు సంగతి దగ్గర మళ్లీ పనికొస్తుంది.

ఇప్పుడు మీరు గమనించని సంగతి.

నేను చెప్పిన ఆ అధ్యయనంలో టీకా కాక ముప్పు పెంచినవి ఏవో కూడా రాశారు. కరోనాతో ఆస్పత్రిలో చేరి ఉండటం. ఇంట్లో ఎవరైనా అలా హఠాత్తుగా పోయి ఉండటం. చనిపోవడానికి ముందు రెండు రోజుల్లో అతిగా తాగడం, ఆ రెండు రోజుల్లోనే ఒంటికి బాగా శ్రమ పెట్టడం. ఇప్పుడు మీ ఉత్తరం మొదటి రెండు పేజీలు మళ్లీ చదవండి. నాలుగూ మీ చేతిరాతలోనే ఉన్నాయి.

ఇది మీకు ఊరట అనిపించి, పరిగెత్తుకెళ్లి అత్తగారికి చెప్పాలనిపిస్తుంది. దయచేసి ఆగండి. మీ నోట అది ఆమె చెవికి ఎలా వినిపిస్తుందో ఆలోచించండి: "నీ కొడుకు తాగి చచ్చాడు, నీ మొగుడి రక్తం వచ్చి చచ్చాడు." మీ మీది నింద తీసి ఆమె ఒళ్లో పెట్టినట్టవుతుంది. పైగా ఆ నాలుగూ ముప్పు పెంచేవి, కారణం ఇదీ అని తేల్చేవి కావు.

మరి ఎందుకు చెప్పానంటే, మీవారి కోసం. తండ్రి నలభై తొమ్మిదికి, తమ్ముడు ముప్పై మూడుకి అలా పోయిన మనిషికి ఇప్పుడు నలభై. రెండేళ్లుగా మీ ఇంట్లో అందరూ ఒక సర్టిఫికెట్ చుట్టూ కూర్చుని, ఈయన్ని ఒక్కసారైనా గుండె డాక్టర్‌కి చూపించారా? మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ఈసీజీ, ఎకో, బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూపించడం, ఇంట్లో ఇద్దరు ఇలా పోయారని నోరు తెరిచి చెప్పడం ఈ నెలలోనే జరగాలి. జన్యుపరమైనదేమైనా అనుమానం ఉంటే ఆడపడుచునీ, పిల్లల్నీ కూడా చూడాలా అన్నది డాక్టర్ చెబుతారు. మిగతావాటికి మీ దగ్గర రెండు మూడు దారులున్నాయి, దీనికి లేవు.

అత్తగారి విషయం. ఆ అధ్యయనం, తేదీలు అన్నీ ముందు పెట్టి కూర్చోబెట్టి చెప్పొచ్చు. మీ మాట న్యాయంగానే ఉంటుంది, ఆమె కూడా నోరు మూసుకోవచ్చు. కానీ ఆమె వెతుకుతున్నది కారణం కాదేమో. కొడుకు ఊరికే పోయాడు, కారణం లేకుండా పోయాడు అంటే ఏ తల్లికీ మింగుడుపడదు, ఎవరో ఒకరు చేశారంటే కాస్త పట్టు దొరుకుతుంది. ఆ పట్టు లాగేస్తే ఇంకొకటి వెతుక్కుంటారు. ఇప్పటిలాగే ఊరుకోవచ్చు, ఇల్లు ప్రశాంతంగా కనిపిస్తుంది. కానీ చుట్టాల్లో అదే నిజమై స్థిరపడుతుంది, మీ పాప కూడా వింటూ పెరుగుతుంది. పీహెచ్‌సీ డాక్టర్‌ని ఇంటికి పిలిపించొచ్చు. మంచి మనిషైతే ఉపయోగం, కానీ కోడలు ఆఫీసువాళ్లని వెంటేసుకొచ్చిందని ఆమె అనుకునే ప్రమాదం ఉంది.

నేనైతే ఏం చేస్తానంటే, ఎవరూ లేనప్పుడు ఆమె పక్కన కూర్చుని టీకా మాట ఎత్తకుండా ఆ అబ్బాయి గురించి మాట్లాడతాను. "నువ్వేస్తేనే వేయించుకుంటా వదినా" అన్నాడని నాకు రాశారు కదా, ఆమెకి ఎప్పుడైనా చెప్పారా? "అవును అత్తయ్యా, నేనే వేశాను. నేను వేసుకున్నదే వాడికీ వేశాను, మీ పెద్దకొడుక్కీ అదే వేశాను. వాడి కోసం నేనూ ఏడుస్తున్నాను" అని చెప్పొచ్చు. అందులో అబద్ధం ఒక్కటీ లేదు, వాదన కూడా లేదు. ఆమె కసురుకోవచ్చు. ఒక్కసారికి కరగరు. సర్టిఫికెట్ చుట్టాలకి చూపించడం మాత్రం ఆపించాల్సింది మీవారు. అది మీరు అడగాల్సింది ఆయన్నే, ఆమెని కాదు. ఆయన మౌనంగా ఉన్నంతకాలం ఊరు ఆ మౌనాన్ని సాక్ష్యం కింద జమ కడుతుంది.

బాబు బూస్టర్. చాటుగా వేసేయగలరు, ఐస్ బాక్స్ మీ చేతిలోనే ఉంటుంది. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం నుంచి రక్షణ దొరుకుతుంది. కంఠసర్పి పాతకాలపు రోగం అనుకుంటాం కానీ హైదరాబాద్ నల్లకుంట ఫీవర్ హాస్పిటల్‌కి ఆ కేసులు ఇంకా వస్తూనే ఉన్నాయి. కానీ డీపీటీకి చెయ్యి వాయడం, ఒకట్రెండు రోజులు జ్వరం రావడం మామూలే, మీకు తెలుసు. ఆ జ్వరంతో సంగతి బయటపడితే, ఎవరినీ అడక్కుండా సూది వేసింది అన్న మాట ఈసారి నిజమవుతుంది. ఖమ్మంలో తప్పు జరిగింది సరిగ్గా అక్కడే. పోనీ వేయకుండా వదిలేద్దామంటే, ఏడేళ్లు నిండాక డీపీటీ వేయరు, ఆ అవకాశం పోతుంది. అయితే బాబుకి ఐదున్నరే కాబట్టి ఇంకా ఏడాదికి పైగా టైముంది, రేపటి బుధవారమే యుద్ధం చేయక్కర్లేదు. మధ్యలో ఒకటుంది. సూది మీరు వేయకండి. పక్క సచివాలయం ఏఎన్ఎం చేతో, పీహెచ్‌సీలోనో వేయించండి, బాబుని ఒళ్లో కూర్చోబెట్టుకునేది మీవారు కావాలి. జ్వరం వస్తుందని, పారాసిటమాల్ ఎంత వేయాలో ముందే ఆయనకి చెప్పండి. ఊహించిన జ్వరానికి మనిషి బెదరడు. పాపకి పదేళ్లు, ధనుర్వాతం, కంఠసర్పిలకి వేసే టీడీ టీకా కూడా ఉంది కదా, ఇద్దరికీ ఒకే రోజు పెట్టుకోవచ్చు. ఆయన ఒప్పుకోవడానికి నెలలు పట్టినా పట్టనివ్వండి. ఏడో పుట్టినరోజు మాత్రం క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకోండి.

వణికే చేతి సంగతి మీ మెడికల్ ఆఫీసర్‌కి చెప్పండి. కొన్ని వారాలు సూది పక్క అమ్మాయికి ఇచ్చి మీరు రిజిస్టరు చూసుకుంటామంటే తప్పేం లేదు. చెప్పుకోవడం నామోషీ అనిపిస్తే 14416కి ఫోన్ చేయండి, టెలి మానస్, ప్రభుత్వానిదే, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. 2021లో క్యాంపుల్లో రోజుకి ఎన్ని సూదులు వేశారో, ఎవరికేమవుతుందో అని ఎన్ని రాత్రులు నిద్రపోలేదో మీరు మూడో పేజీలో రాశారు. మరిది పోకముందే మీరు అలసిపోయి ఉన్నారు.

మీవారిని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లే రోజు పరగడుపున బయల్దేరండి, రక్తపరీక్షలు కూడా అప్పుడే అయిపోతాయి. తమ్ముడి 2021 ఆస్పత్రి కాగితాలు కూడా డాక్టర్ అడుగుతారు, అప్పటి ఈసీజీ అందులో ఉండొచ్చు. ఆ ఫైలు ట్రంకుపెట్టెలో ఉంది కదా. మీరు తీయకండి. "అత్తయ్యా, పెద్దోడి గుండె చూపించడానికి వెళ్తున్నాం, చిన్నోడి ఫైలు డాక్టర్‌కి కావాలి, మీరూ రండి" అని ఆమెనే అడగండి.